నిలిచే మిల్లు

యంత్రాన్ని నడపడం పెద్ద విద్య కాదు. ఈ మాట నేను అన్నప్పుడల్లా నాతో పనిచేసినవాళ్ళు మూతి ముడుచుకునేవారు. ముడుచుకోనీ. నడిచేదాన్ని ఆపాల్సిన క్షణంలో ఆపడం, ఏది ముందు ఏది వెనక అన్నది తప్పకుండా ఆపడం, అదీ విద్య. నా ఉద్యోగకాలమంతా నేను చేసిన పని అదే. ఫ్యాక్టరీల్లో మోటార్లకు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు నోరు మూసుకుని కూర్చోవాలో చెప్పే కరెంటు బోర్డులు కట్టాను. ఇప్పుడు ఆ పనికి పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లు వచ్చాయి. నేను మొదలుపెట్టిన రోజుల్లో ధర్మపురిలో నన్ను 'కరెంటాయన' అనేవారు. మద్రాసులో చదివి డిప్లొమా తెచ్చుకున్నవాణ్ణి, ఇంజనీరు అని పిలవండయ్యా అని ఎంతమందితో పోట్లాడానో లెక్కలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉండేదని అందరూ చెప్పుకునేవారు. అది అబద్ధమేమీ కాదు.

మా వాళ్ళది పాలకోడు దగ్గర వెల్లిచందై. తరాలుగా పశువులు, చేను, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాయన నా చదువును చివరిదాకా ఒక వింత జబ్బును చూసినట్టే చూశాడు. సెలవులకు ఇంటికి వచ్చి నేను తీగలచుట్ట ముందేసుకుని కూర్చుంటే, ఆవుల్ని కట్టేసే గాటిపాట దగ్గర నిలబడి అనేవాడు:

"ఆవును కట్టేసేదానికి ఒక పలుపు చాలురా నాకు. నీ మిషన్ను కట్టేసేదానికి ఇంత తీగ కావాల్నా?"

ఆయన వెక్కిరింపుగా అన్నాడు కానీ, నా పనిని అంత కుదురుగా ఇంకెవరూ చెప్పలేదు. మిషన్లను కట్టేయడమే నా పని.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. మెట్టూరు పవర్ హౌసులో చిన్న ఉద్యోగంలో ఉన్న నన్ను ధర్మపురిలో ఒక వేరుశెనగ నూనె మిల్లు యజమాని పిలిపించాడు. అక్కడ యజమానిని మొదలాళి అంటారు. మా మొదలాళి కూడా తెలుగు ఇంటివాడే, మూడు తరాల కిందటే పట్టణంలో స్థిరపడిన కుటుంబం. ఆయన మిల్లు ఆయిలు ఇంజన్ మీద నడిచేది. యుద్ధం వల్ల ఇంజన్‌కు పోసే నూనె దొరకడం కష్టమైపోయింది. ఊళ్ళోకి మెట్టూరు కరెంటు వచ్చి ఉంది. మోటార్లు ఎక్కడో పాతవి కొని తెచ్చి పెట్టుకున్నాడు. వాటిని నడిపించే మనిషి కావాలి.

"మన హొగేనక్కల్లో దూకిన నీళ్ళే గదప్పా మెట్టూరికి పోయి కరెంటయ్యేది" అన్నాడు మొదటిరోజే, ఆ నీళ్ళన్నీ తన సొంతమైనట్టు. "మన నీళ్ళు మన మిల్లుకు రాకుంటే ఎట్ల?"

ఆ పట్టణంలో అంతకు ముందు కరెంటుతో మిల్లు నడిపినవాడు లేడు. ఆయనకు భయం ఉంది, ఆశ కూడా ఉంది. అందుకని ఒక షరతు పెట్టాడు. ఆయుధపూజ అయిన మర్నాడు, విజయదశమి పొద్దున, నలుగురు పెద్దమనుషుల ముందు మిల్లు కరెంటు మీద నడిచి చూపించాలి. నడిస్తే నేను ఆ మిల్లు ఇంజనీరును. నడవకపోతే మోటార్లు అమ్మేసి, పాత ఇంజన్‌నే మళ్ళీ తిప్పుకుంటాడు. ఇంజన్‌ను ఇంకా షెడ్డులోంచి కదిలించలేదు కూడా. దాని డ్రైవరు రోజూ దాన్ని తుడిచి మెరుగు పెట్టి, నా వైపు చూసి ఒక నవ్వు నవ్వేవాడు. ఆ నవ్వు గురించి ఎక్కువ రాయను, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంజన్ కాలంలో మిల్లు ఎలా ఉండేదో చెప్పాలి. బయట షెడ్డులో ఇంజన్. దాన్నుంచి మిల్లు గోడ పొడవునా తిరిగే ఒక ఇనుప కడ్డీ. ఆ కడ్డీ మీంచి ఒక్కో మిషనుకు ఒక్కో తోలు పట్టా. కాయల పొట్టు ఒలిచే మిషను ఒకటి, గింజల్ని చిన్న చిన్న బకెట్లలో పైకి మోసుకుపోయే పట్టీ ఒకటి, గింజల్ని నలిపి నూనె తీసే పెద్ద మిషను ఒకటి. నడిస్తే అన్నీ నడవాలి, ఆగితే అన్నీ ఆగాలి. ఆపాలంటే ఎవరో ఒకరు ఆ దుమ్ములో, ఆ హోరులో బయటికి పరుగెత్తి డ్రైవరుకు చెప్పాలి. డ్రైవరు నూనె కట్టేసినా ఇంజన్ చక్రం వెంటనే ఆగదు. అంత బరువైన చక్రం, తన పాటికి తాను తిరిగి తిరిగి నింపాదిగా నిలుస్తుంది.

కాయలు పోయడం, చెరగడం, గింజలు ఏరడం ఆడవాళ్ళ పని. ఏరియూరు నుంచి వచ్చిన ఒకావిడ వాళ్ళందరికీ పెద్ద. మా భాష మనిషే. మొదలాళితో సహా అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. ఆమె కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది, తక్కిన వేళ్ళు మొదళ్ళ దాకా లేవు. కొన్నేళ్ళ కింద బకెట్ల పట్టీ కింద ఇరుక్కున్న గింజల్ని లాగబోతే పట్టా చేతిని లోపలికి లాక్కుంది. అరిస్తే పక్కనున్న పిల్ల బయటికి పరుగెత్తింది. డ్రైవరు వెంటనే నూనె కట్టేశాడట. ఆ విషయంలో అతన్ని తప్పు పట్టడానికి లేదు. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

ఈ సంగతి నాకు వేరేవాళ్ళు చెప్పారు. ఆమె చెప్పలేదు. నేను గోడకు బోర్డు బిగిస్తున్నప్పుడు ఆమె వచ్చి వెనక నిలబడి ఒకే ఒక మాట అడిగింది.

"సామీ, ఇది పిలిస్తే నిలుస్తుందా?"

"నిలుస్తుంది అక్కా."

"ఎవురు పిలిస్తే?"

అప్పటిదాకా నా తలలో ఉన్నది మొదలాళి, మోటార్లు, విజయదశమి. ఎవరు పిలిస్తే ఆగాలన్నది నేను ఆలోచించలేదు. ఆ రాత్రి నిద్రపోలేదు అని రాస్తే అందంగా ఉంటుంది కానీ, నేను హాయిగా నిద్రపోయి, పొద్దున్నే లేచి బోర్డు గీతలన్నీ చెరిపేసి మళ్ళీ గీశాను.

బోర్డు సంగతి కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. చెప్పుకోవాల్సిన పనే. కొత్త సామాను యుద్ధం మింగేసింది. సేలంలో పాత ఇనుము అమ్మేవాడి కొట్టులో కాలిపోయిన కాంటాక్టర్లు ఏరుకొచ్చాను. కాంటాక్టరంటే కరెంటుకు తలుపులాంటిది. అందులో ఒక తీగచుట్ట ఉంటుంది. చుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై రెండు రాగి దిమ్మల్ని దగ్గరికి లాగి కలుపుతుంది, మోటారు నడుస్తుంది. చుట్టలో కరెంటు పోతే దిమ్మలు విడిపోతాయి, మోటారు ఆగుతుంది. కాలిన చుట్టలన్నీ నా చేత్తో మళ్ళీ చుట్టాను. నల్ల స్లేటురాతి పలక మీద వాటిని వరుసగా బిగించాను. దుమ్ము పడకుండా చుట్టూ టేకు చెక్కతో రెండు తలుపుల బీరువా చేయించాను. రాగి దిమ్మల్ని గరుకు కాగితంతో రుద్ది రుద్ది అద్దాల్లా చేశాను. తలుపులు తెరిస్తే లోపల నల్లరాయి మీద రాగి తళతళలాడేది. ఎంత బాగుండేదంటే, పని లేకపోయినా తెరిచి చూసుకునేవాణ్ణి.

వరుస ఎలా ఉండాలన్నది అసలు సంగతి. మేడ కట్టేటప్పుడు కూలీలు నిచ్చెన మీద వరుసగా నిలబడి ఇటుకలు అందించుకుంటారు కదా. పైనున్నవాడు ఆగిపోతే కిందివాడు ఇంకా అందిస్తూ పోతే ఏమవుతుంది? ఎవరి కాలో విరుగుతుంది. మిల్లూ అంతే. ముందు నూనె మిషను కదలాలి, అది కదిలాకే బకెట్ల పట్టీ, ఆ తర్వాతే పొట్టు మిషను. నూనె మిషను ఏ కారణానికి ఆగినా దానికి గింజలు మోసే పట్టీ ఆగాలి, పట్టీ ఆగితే పొట్టు మిషను ఆగాలి. మనిషి చూసుకోవాల్సిన పని లేకుండా తీగలే చూసుకోవాలి. అన్నిటి కన్నా పైన ఒక పెద్ద కాంటాక్టరు పెట్టాను. దాని దిమ్మలు కలిసుంటేనే తక్కినవన్నీ బతుకుతాయి. అవి విడిపోతే మిల్లు మొత్తం ఆగుతుంది.

ఆ పెద్ద కాంటాక్టరును ఆపే బొత్తాం మొదట మొదలాళి కుర్చీ దగ్గర ఒక్కచోటే గీశాను. పెద్దక్క అడిగిన తర్వాత, ఆడవాళ్ళు కూర్చునే ప్రతిచోటా ఒకటి పెట్టాను. వడ్రంగి చేత అరచేతి వెడల్పున చెక్క బొత్తాలు చేయించి ఎర్రరంగు వేశాను. వేళ్ళతో వెతుక్కునే పని లేకుండా, అరచేత్తోనో మోచేత్తోనో కొట్టినా చాలు. తీగ తెగిపోయినా మిల్లు ఆగిపోయేలా కట్టాను. నడవడానికి కరెంటు కావాలి, ఆగడానికి ఏమీ అక్కర్లేదు. బకెట్ల పట్టీకి ఒక బ్రేకు కూడా పెట్టాను. కరెంటు ఉన్నంతసేపు అయస్కాంతం దాన్ని ఎత్తి పట్టుకుంటుంది, కరెంటు పోయిన మరుక్షణం స్ప్రింగు దాన్ని చక్రానికి అదుముతుంది. చక్రం తన పాటికి తాను తిరగడం ఇక కుదరదు.

మొదలాళికి ఈ బొత్తాలు నచ్చలేదు. "వీళ్ళు ఊరికూరికే నొక్కుతారప్పా. పేను కుట్టినా మిల్లు నిలబెడతారు" అన్నాడు. "నిలబెడితే మళ్ళా నడుపుకోండి" అన్నాను. ఆయన ముఖం చిట్లించాడు కానీ, విజయదశమి దాకా చూద్దామని ఊరుకున్నాడు.

బోర్డులో ఏది ఏమిటని పెద్దక్క ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. అక్షరాలు రానిమనిషి, అందుకని రంగులతో చెప్పాను. పచ్చది నడపడానికి, ఎర్రది ఆపడానికి.

"ఎర్రది మంగళం గదా సామీ. నిలిపేదానికి మంగళం రంగు ఏల పెడితివి?"

"పుస్తకంలో అట్లే ఉండాది అక్కా" అన్నాను. నా జవాబు నాకే చప్పగా అనిపించింది. ఆమె మాత్రం తల ఊపి, ఆ బొత్తాం వైపు చాలాసేపు చూసింది.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా వైపు ఏ పనిముట్టునూ ముట్టరు. సుత్తి, చేట, కత్తి, తూకంరాయి, అన్నిటికీ స్నానం, అన్నిటికీ పసుపు, గంధం, కుంకుమ. బొరుగులు, బెల్లం, గుమ్మాలకు అరటిపిలకలు, వాకిట్లో దిష్టి గుమ్మడికాయ. మర్నాడు పొద్దున దాకా అవి దేవుళ్ళే, పనిముట్లు కావు. నేను ముందురోజే మిల్లు నడిపి చూసుకున్నాను. వరుస తప్పకుండా కదిలింది, వరుస తప్పకుండా ఆగింది. కరెంటు మొత్తం కట్టేసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, బీరువా తాళంచెవి మిల్లులో అందరూ పెద్దమ్మ అని పిలిచే మొదలాళి వాళ్ళ అమ్మ చేతికిచ్చి, పండక్కి వెల్లిచందై వెళ్ళిపోయాను. మా నాయన ఆ ఏడు నా స్క్రూడ్రైవరును కూడా కొడవలి పక్కన పెట్టి బొట్టు పెట్టాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

విజయదశమి పొద్దున నేను తిరిగి వచ్చేసరికి మిల్లు వాకిట్లో పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. మొదలాళి జరీపంచె కట్టుకుని హొగేనక్కల్ నీళ్ళ కథ వాళ్ళకు చెబుతున్నాడు. ఆడవాళ్ళందరూ తలంటుకుని పూలు పెట్టుకుని గోడవారగా నిలబడ్డారు. ఇంజన్ డ్రైవరు షెడ్డు గుమ్మంలో ఉన్నాడు, నవ్వుతో సహా. నేను గోడ మీది మెయిన్ పెట్టెలో ఫ్యూజులు పెట్టాను. టెంకాయ కొట్టారు. మొదలాళి పచ్చ బొత్తాం నొక్కాడు.

బీరువాలో టక్కుమని ఒక చప్పుడైంది. అంతే. మిల్లు కదలలేదు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టక్కు. మోటార్లు మూగవాటిలా కూర్చున్నాయి. మొదలాళి నా వైపు చూశాడు. పెద్దమనుషులు కుర్చీల్లో కదిలారు. కరెంటు కట్టేసి బీరువా తలుపులు తీశాను.

లోపల ప్రతి రాగి దిమ్మకూ గంధం పూసి ఉంది. గంధం మీద కుంకుమ బొట్టు. ఒక్కటి వదలకుండా, ముఖాముఖి ఉన్న దిమ్మలకు రెండింటికీ, ఎంతో శ్రద్ధగా, చక్కగా గుండ్రంగా. పెద్ద కాంటాక్టరు దిమ్మలకైతే గంధం వేలిమందం ఉంది. ఎండి గట్టిపడి పెంకులా అయిపోయింది. దిమ్మ వచ్చి దిమ్మను తాకుతోంది కానీ, మధ్యలో గంధం ఉంటే కరెంటు ఎక్కడికి పోతుంది?

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవురు చేసింది ఈ పని? ఎవురు తెరిచినారు దీన్ని?" అని అరిచాను. పెద్దమనుషులు ఉన్నారని కూడా చూడలేదు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. పెద్దక్క ఒక్కతే ముందుకొచ్చింది.

"నేనే సామీ. పెద్దమ్మను తాళం అడిగి తెరిచినాను."

"తలుపుకు పెట్టరాదా అక్కా? లోపల ఎందుకు చెయ్యి పెడితివి?"

"తలుపు దేవుడా? దేవుడు లోపల గదా ఉండేది" అంది ఆశ్చర్యంగా. "ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుంటే ఎట్ల? అన్నీ చూస్తాండాయి."

నేను జేబులోంచి గరుకు కాగితం తీశాను. గీకేయబోతుంటే మొదలాళి వాళ్ళ అమ్మ గుమ్మంలోంచి కేక వేసింది. విజయదశమి పూట ఆడదాని చేత్తో పెట్టిన కుంకుమను తుడుస్తావా, నా మిల్లులో, నా కళ్ళముందు? ఆడవాళ్ళ గుంపులో సణుగుడు మొదలైంది. పెద్దమనుషుల్లో ఒకాయన తల అడ్డంగా ఊపాడు. మొదలాళి అటు తల్లిని చూశాడు, ఇటు నన్ను చూశాడు, తర్వాత షెడ్డు వైపు చూశాడు. "రాహుకాలం వచ్చేస్తుంది. ఇంజన్ తిప్పమని చెప్తాను" అన్నాడు. డ్రైవరు అప్పటికే చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

నా పని, నా పేరు, ఆ మిల్లులో కరెంటు, ఆ ఎర్ర బొత్తాలు, అన్నీ ఆ గంధం కింద ఉన్నాయి. గీకితే తప్పు. గీకకపోతే ఇంజన్. పెద్దక్కను చూసి అన్నాను, ఈసారి అరవకుండానే: "ఇంత మందం ఎందుకు పూసినావు అక్కా ఈ పెద్దదానికి?"

"ఇదే గదా సామీ నిలిపేది? నువ్వే చెప్పినావు, ఇది విడిస్తే అన్నీ నిలుస్తాయని. ఎర్రరంగు దీనికే ఇచ్చినావు." ఆమె వేళ్ళు లేని చేత్తో ఆ కాంటాక్టరును చూపించింది. "ఆయుధపూజకు అందరూ నడిచేదానికి బొట్టు పెడతారు. ఈ మిల్లులో ఎన్నేండ్లో పెట్టినాను నేను కూడా, ఆ ఇంజన్‌కు. నిలిచేదానికి ఎవురూ పెట్టలేదు. అందుకే రొంబ పెట్టినాను."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నేను కట్టిన బోర్డులో ముఖ్యమైనది ఏదో మొదలాళికి తెలియదు, పెద్దమనుషులకు తెలియదు. నేను రాత్రింబగళ్ళు దేని కోసం తంటాలుపడ్డానో అది ఈమెకు అందింది, అందుకే పూజ చేసింది. ఆ పూజే నా కొంప ముంచింది.

దారి కూడా ఆమే చూపింది. "తుడవగూడదు, సరే. తానం పోస్తే తప్పేముంది? దేవునికి దినామూ తానం పోసి మళ్ళా బొట్టు పెట్టరా?" అంది, మొదలాళి తల్లి వైపు తిరిగి. తానమైతే పోయొచ్చు అంది ఆవిడ.

"బిందె తెండి" అన్నారెవరో. నేను గాభరాగా చేతులు అడ్డం పెట్టాను. "నీళ్ళు తగలగూడదు దీనికి! దీని తానం వేరే. పెట్రోలు కావాల." ఆ రోజుల్లో పెట్రోలంటే బంగారం. మొదలాళి కారు కూడా వెనక కట్టిన బొగ్గు గ్యాసు డబ్బాతోనే నడిచేది. పొద్దున్నే స్టార్టు చేయడానికి మాత్రం ఒక సీసాలో కాస్త పెట్రోలు దాచుకునేవాడు. ఆయన ముఖం చూడాల్సింది. తల్లి కళ్ళురిమింది. సీసా వచ్చింది.

ఆ స్నానం లాంటిది నేను మళ్ళీ చూడలేదు. ఒక ముసలాయన కూర్చున్నచోటే ఏదో శ్లోకం అందుకున్నాడు. నేను మెత్తటి గుడ్డ పెట్రోలులో ముంచి దిమ్మ దిమ్మనూ కడిగాను, గరుకు కాగితంతో మెరుగు పెట్టాను. తీగచుట్టల మీది వార్నిష్ పెట్రోలు తగిలి మెత్తబడకుండా ఊపిరి బిగబట్టి చేశాను. పెద్దక్క పక్కనే నిలబడి, నేను ఒక్కోటి ముగించగానే ఎదురుగా తలుపు చెక్క మీద దాని పేరున ఒక బొట్టు పెట్టింది. వాసన పోవాలని తలుపులు బార్లా తెరిచి, తాటాకు విసనకర్రలతో చాలాసేపు విసిరించాను. రాహుకాలం గురించి మొదలాళి నోరు తెరవబోతే తల్లి మళ్ళీ చూసింది.

ఆ తర్వాత నా చేతుల మీదుగా ఎన్నో బోర్డులు లేచాయి. కోయంబత్తూరులో బట్టల మిల్లులకు, సిమెంటుకు, చక్కెరకు కట్టాను. ప్రతిదానికీ తలుపు మీద ఒక నున్నటి ఇత్తడి రేకు బిగించేవాణ్ణి. వెనక తీగ ఉండదు, కాంటాక్టరు ఉండదు, బొట్టు పెట్టుకోవడానికే అది. ఇదేమిటని అడిగిన ఇంగ్లీషు ఇంజనీర్లకు, ఇది లేకపోతే ఈ దేశంలో బోర్డు పూర్తికాదు అని చెప్పేవాణ్ణి. వాళ్ళు నవ్వేవారు. నా బోర్డు ఒక్కటీ పండగ మర్నాడు మొరాయించలేదు, వాళ్ళవి మొరాయించాయి. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

ఆ పొద్దుటి సంగతికి వస్తాను. మొదలాళి మూడోసారి పచ్చ బొత్తాం నొక్కాడు. టక్కుమంది. నూనె మిషను ఒళ్ళు విరుచుకుని కదిలింది. అది వేగం అందుకున్నాక ఎవరూ ముట్టకుండానే బకెట్ల పట్టీ కదిలింది. ఆ తర్వాత పొట్టు మిషను. ఒకదాని వెనక ఒకటి, నేను కాగితం మీద గీసినట్టే. ఆడవాళ్ళు "అమ్మా" అని ఒక్క గొంతుతో అన్నారు. పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. మొదలాళి నా భుజం మీద చెయ్యేసి "మా ఇంజనీరు" అని వాళ్ళకు చూపించాడు. కరెంటాయన అనలేదు. నా ఛాతీ చొక్కాలో పట్టలేదు.

అప్పుడు పెద్దక్క ఆడవాళ్ళ వరుసలోంచి కదిలి, బకెట్ల పట్టీ దగ్గరికి నడిచింది. తన చెయ్యి పోయిన చోటు అదే. తిరుగుతున్న పట్టీని కాసేపు చూసింది. తర్వాత పక్కనున్న ఎర్ర బొత్తాం మీద కుడిచెయ్యి, ఆ వేళ్ళు లేని అరచెయ్యి ఆనించి నొక్కింది.

మిల్లు ఆగింది. బ్రేకు పట్టీని అక్కడికక్కడ పట్టేసింది. పైకి పోతున్న బకెట్లలో గింజలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అంత హోరు ఒక్కసారిగా పోయేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు.

మొదలాళి కంగారుగా పచ్చ బొత్తాం నొక్కాడు. కదలలేదు. మళ్ళీ నొక్కాడు. టక్కు చప్పుడు కూడా లేదు. షెడ్డు గుమ్మంలో డ్రైవరు మళ్ళీ నవ్వాడు.

"ఏమప్పా, మళ్ళా చెడిపోయిందా?" అన్నాడు మొదలాళి.

"చెడిపోలేదు మొదలాళీ. పెద్దక్క ఇంకా చెయ్యి తీయలేదు."

"తీయకుంటే?"

"ఆమె చెయ్యి తీసేదాకా నడవదు. మీరు నొక్కినా నడవదు, నేను నొక్కినా నడవదు. మెట్టూరు డ్యాము మొత్తం తెచ్చి పోసినా నడవదు. అట్ల కట్టినాను."

నా మాటలు ఆ నిశ్శబ్దంలో మిల్లు చివరిదాకా వినిపించాయి. పెద్దక్క తల తిప్పి నన్ను చూసింది, మొదలాళిని చూసింది. తర్వాత బొత్తాం మీదున్న తన చేతిని చూసుకుంది, కొత్తగా చూస్తున్నట్టు. చెయ్యి తీయలేదు.

"కొంచేపు ఉండండి మొదలాళీ" అంది మెల్లగా. "ఇట్లే ఉండనీండి కొంచేపు."

మొదలాళి పచ్చ బొత్తాం మీంచి వేలు తీసి, పక్కకు జరిగి నిలబడ్డాడు.